పాటపాడే బిడ్డ ఎవరి సొత్తు?



పోయినేడు ఏప్రిల్ 14న మా కాలనీలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. జయంతి సభకు ముఖ్య అతిథి సాయంత్రం ఆరింటికి రావాలి, తొమ్మిదిన్నర దాటాక వచ్చాడు. ఉపన్యాసాలు అయ్యేసరికి పదకొండు. మా దగ్గర బాబాసాహెబ్ పాటలు పాడే పాప ఒకతె ఉంది, తొమ్మిదేళ్ళది. తెల్లగౌను వేసి, నీలం రిబ్బన్లు కట్టి ఐదున్నర నుంచే వేదిక పక్కన కూర్చోబెట్టారు. ఆ పిల్ల పాట చివర్లో ఉంటేనే జనం లేవకుండా ఉంటారని కార్యక్రమం వరస రాసింది నేనే. తీరా పిలిచే టైముకి చూస్తే వేదిక వెనకాల టెంటు పట్టాల మీద నిద్రపోతోంది. మొహాన నీళ్ళు చల్లి లేపాను. లేచింది, పాడింది. అంత బాగా పాడితే చదివింపులు ఆగుతాయా? పదులు, యాభైలు, వందలు. మైకులో పేర్లు చదివేవాడి గొంతు పోయింది.

అంతా అయ్యాక వాళ్ళ నాన్న నా దగ్గరకొచ్చాడు. తాపీ పని చేస్తాడు. "అన్నా, టీవీ పాటల పోటీకి ఫారం తెచ్చాను. సెలెక్టయితే హైదరాబాదులో నెలల తరబడి ఉండాలంట. బడి పోద్ది. పంపమంటావా?" అన్నాడు. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "పంపు తమ్ముడూ, మన పిల్ల టీవీలో కనపడితే మనందరికీ గౌరవం" అన్నాను. అతని మొహం వెలిగిపోయింది. "అంతేగదన్నా! మైకేల్ జాక్సన్ కూడా చిన్నప్పట్నుంచే గదా పాడింది" అన్నాడు.

ఇంటికొచ్చి పడుకున్నాక ఆ మాట నన్ను వదల్లేదు. ఆ రాత్రి అదే వేదిక మీద నేను మాట్లాడిన విషయం ఏమిటో తెలుసా? పిల్లల చదువు.

మైకేల్ జాక్సన్ అంటే మా తరానికి దేవుడిలాంటివాడు (దేవుళ్ళను వదిలేసిన వాళ్ళం గనక మాటవరసకు అంటున్నాను). బీఏ చదివేరోజుల్లో మా ఎస్సీ హాస్టల్లో మేజోళ్ళు వేసుకొని సిమెంటు గచ్చు మీద వెనక్కి జారే నడక సాధన చేయనివాడు లేడు. నల్లవాడు ప్రపంచాన్ని గెలిచాడన్నది మాకు చాలా పెద్ద విషయం. అమెరికా నల్లవాళ్ళ బతుకుకూ మన బతుకుకూ ఉన్న చుట్టరికం బాబాసాహెబ్ కొలంబియాలో చదివిన నాటిది. 1946లో ఆయన డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో మన కుర్రాళ్ళు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అక్కడి బ్లాక్ పాంథర్స్‌ను చూసే. అందుకే ఆ పిల్లవాడి కథను పరాయి కథగా చదవలేను.

అతను 1958 ఆగస్టు 29న పుట్టాడు. ఊరు ఇండియానా రాష్ట్రంలోని గేరీ, ఉక్కు కంపెనీ కట్టుకున్న ఊరు. తండ్రి జోసెఫ్ ఆ ఫ్యాక్టరీలో క్రేను నడిపేవాడు. రెండు పడగ్గదుల చిన్న ఇల్లు, తొమ్మిదిమంది పిల్లలు. మైకేల్ ఏడోవాడు. తండ్రికి ఒకప్పుడు సొంత పాటల బృందం ఉండేది, నిలబడలేదు. గిటారు మాత్రం మిగిలింది. పిల్లలెవరూ దాన్ని ముట్టుకోకూడదు. పెద్దవాళ్ళలో ఒకడు చాటుగా వాయిస్తూ తీగ తెంపాడు. తండ్రి కోప్పడి, ఏదీ వాయించు చూద్దాం అన్నాడు. వాడు వాయించాడు. ఆ ఇంటి కథ అక్కడ మలుపు తిరిగింది.

ఐదేళ్ళప్పుడు బడిలో పాడితే టీచర్లు కళ్ళు తుడుచుకున్నారట. ఇంకొన్నాళ్ళకి అన్నల బృందానికి ముందు నిలబడేవాడు ఈ చిన్నోడే అయ్యాడు. ఇంట్లో రోజూ సాధన. తండ్రి చేతిలో బెల్టు పట్టుకొని కూర్చునేవాడని, అడుగు తప్పితే దెబ్బ పడేదని మైకేలే తర్వాత చెప్పాడు. శని ఆదివారాలు వేరే ఊళ్ళలో ప్రదర్శనలు. తాగుబోతులుండే క్లబ్బుల్లో, బట్టలు విప్పే ఆటలాడే చోట కూడా పాడారు. రాత్రంతా వ్యానులో ప్రయాణం చేసి తెల్లారి బడికి పోవాలి. 1967లో న్యూయార్క్ అపోలో థియేటర్ పోటీలో గెలిచారు. 1969లో మోటౌన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1970లో వాళ్ళ మొదటి నాలుగు పాటలూ వరసగా అమెరికాలో మొదటి స్థానానికి చేరాయి. అప్పటికి మైకేల్‌కు పన్నెండేళ్ళు.

కుటుంబం గేరీ వదిలి కాలిఫోర్నియా చేరింది. క్రేను పని పోయింది, అప్పులు పోయాయి, పెద్ద ఇల్లు వచ్చింది. ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. ఆ తండ్రిని తిట్టడం తేలిక. కానీ ఆ ఊళ్ళో నల్లపిల్లవాడి ముందున్న దారులేమిటి? ఫ్యాక్టరీ, లేదంటే వీధి. ఆ బెల్టు సంగతి జోసెఫ్ కూడా కాదనలేదు, దానివల్లే నా పిల్లలు జైలుకు పోకుండా దారిలో పడ్డారన్నాడు. ఈ మాట మన పేటలో ఎన్నిసార్లు వినలేదు! "కొట్టకపోతే చెడిపోతారు." నన్ను కొట్టి చదివించిన మా అయ్యా అదే అనేవాడు. నేను చదువుకున్నాను కూడా.

మరి ధమ్మం ఏమంటుంది? సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు తల్లిదండ్రుల బాధ్యతలు చెప్పాడు. బిడ్డకు ఒక విద్య, ఒక పని నేర్పించాలన్నది వాటిలో ఉంది. ఆ లెక్కన జోసెఫ్ ఆ ఒక్కటీ ఎవరూ చేయనంతగా చేశాడు. ప్రపంచంలో ఏ తండ్రీ కొడుకుకు అంత పనితనం నేర్పి ఉండడు. అయితే అదే సుత్తంలో అంతకంటే ముందు చెప్పింది, బిడ్డను చెడు నుంచి కాపాడమని. తొమ్మిదేళ్ళవాణ్ణి అర్ధరాత్రి క్లబ్బులో నిలబెట్టినవాడు మొదటిది వదిలి మూడోది పట్టుకున్నాడు. పొట్టకోసమే అనుకుందాం. 1970 తర్వాత పొట్టకేమీ లోటు లేదు గదా, అప్పుడైనా ఆగిందా? ఆగలేదు. పొట్ట నిండాక కూడా ఆగనిదాన్ని మన భాషలో తన్హా అంటాం. నిలబడలేకపోయిన తన బృందం తాలూకు ఆశ ఆ తండ్రిది. ఆ ఆశ మోసే వీపు మాత్రం పిల్లవాడిది.

కుల నిర్మూలనలో బాబాసాహెబ్ చెప్పిన మాట ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కులం మనిషికి పనిని పుట్టకముందే నిర్ణయిస్తుంది, అతని శక్తిని చూడదు, తల్లిదండ్రుల స్థాయిని చూస్తుంది అన్నారు ఆయన. చిందు ఇంట్లో పుట్టిన పిల్ల కాలికి గజ్జె కట్టేటప్పుడు నీకిష్టమేనా అని ఎవరడిగారు? డక్కలి పిల్లవాణ్ణి ఎవరడిగారు? మైకేల్‌కు శక్తి ఉంది, అది నిజం. కానీ శక్తి ఉన్నంత మాత్రాన అడగక్కర్లేదని అర్థమా? 1993లో టీవీ ఇంటర్వ్యూలో అతను చెప్పిన సంగతి ఒకటుంది. రికార్డింగు స్టూడియోకు ఎదురుగా పార్కు ఉండేదట. అక్కడ పిల్లలు ఆడుకునే అరుపులు వినిపించేవట. తను లోపలికి పోయి పాడాలి. ఏడుపొచ్చేదట. తండ్రిని చూస్తే భయంతో వాంతి వచ్చేదని కూడా అదే ఇంటర్వ్యూలో చెప్పాడు. ముప్పైనాలుగేళ్ళ మనిషి, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పేరున్నవాడు, ఆ పార్కు గురించి చెబుతున్నాడు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది దెబ్బల సంగతి కాదు. ఒక అబద్ధం సంగతి. మోటౌన్ వాళ్ళు పిల్లవాడి వయసు రెండు మూడేళ్ళు తగ్గించి ఎనిమిదని ప్రచారం చేశారు. ఇంకా చిన్నవాడంటే జనం ఇంకా ముచ్చటపడతారని. ఆ పిల్లల్ని కనిపెట్టింది డయానా రాస్ అని కూడా చెప్పించారు. నిజానికి వాళ్ళను కంపెనీ దాకా చేర్చింది బాబీ టేలర్ అనే గాయకుడు. విలేకరులు అడిగితే ఏం చెప్పాలో పిల్లవాడికి నేర్పారు, వాడు బాగా నేర్చుకున్నాడు. తన గురించి చెబితే అబద్ధం గానీ తన బొమ్మ గురించి చెబితే ప్రచారమేనని ఆ వయసులోనే అర్థం చేసుకున్నట్టు 1988లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నాడు.

దీని పక్కన మన రాహులుణ్ణి పెట్టి చూడండి. రాజగృహంలో అంబలట్ఠిక అనే చోట బుద్ధుడు రాహులుడి దగ్గరికి వెళ్ళాడు. అప్పటికి అతనికి ఏడేళ్ళని అట్ఠకథ చెబుతుంది. కాళ్ళు కడుక్కున్నాక పాత్రలో కొంచెం నీళ్ళు మిగిల్చి చూపించి, తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడనివాడిలో మిగిలేది ఇంతేనన్నాడు. ఆ నీళ్ళు పారబోసి చూపించాడు, పాత్ర బోర్లించి చూపించాడు. నవ్వులాటకు కూడా అబద్ధం ఆడవద్దన్నాడు. అద్దం ఎందుకు అని అడిగి, చేసే ముందు, చేసేటప్పుడు, చేశాక, ఇది నాకుగానీ ఎదుటివాడికిగానీ కీడు చేస్తుందా అని చూసుకోమన్నాడు. ఆయనా తండ్రే. ఆ పిల్లవాడూ మామూలు పిల్లవాడు కాడు, అందరి కళ్ళూ ఉన్న పిల్లవాడు. కానీ ఆయన బిడ్డ చేతికిచ్చింది తనను తాను చూసుకునే అద్దం. అక్కడ గేరీ పిల్లవాడికి ఇచ్చింది పదిమందికి చూపించే బొమ్మ. ఆ బొమ్మనే అతను జీవితమంతా చెక్కుకుంటూ పోయాడు, ముక్కుతో సహా. చర్మం రంగు మారడానికి బొల్లి అనే జబ్బు కారణమని అతనే చెప్పాడు, దాన్ని ఎగతాళి చేసినవాళ్ళలో మేమూ ఉన్నాం.

ఎవరో అడగొచ్చు, రాహులుణ్ణి కూడా అడిగి సంఘంలో చేర్చుకోలేదు గదా అని. న్యాయమైన ప్రశ్నే. రాహులుడు పబ్బజ్జ తీసుకున్నాడని తెలిసి శుద్ధోదనుడు వచ్చి మొరపెట్టుకున్నాడు. బిడ్డమీద ప్రేమ ఎముకల మూలుగదాకా దిగి ఉంటుందని, ఇంకే తల్లిదండ్రులకూ ఈ బాధ పెట్టవద్దని కోరాడు. బుద్ధుడు విన్నాడు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలకు పబ్బజ్జ ఇవ్వరాదని నియమం పెట్టాడు. తన పద్ధతిని మార్చుకోవడానికి ఆయన వెనకాడలేదు, నాకు అదే గొప్పగా కనపడుతుంది. కానీ మైకేల్ విషయంలో అనుమతికి కొరత లేదు. ఒప్పందం మీద సంతకం పెట్టింది తండ్రే. అమ్మేవాడూ అనుమతి ఇచ్చేవాడూ ఒకడే అయినప్పుడు ఆ అనుమతికి విలువేమిటి?

చట్టం కొంతవరకు ఆలోచించింది. కాలిఫోర్నియాలో 1939లోనే చట్టం తెచ్చారు. జాకీ కూగన్ అని, చాప్లిన్ పక్కన నటించిన బాలనటుడు, పెద్దయ్యాక చూసుకుంటే సంపాదనంతా తల్లీ మారుతండ్రీ ఖర్చుపెట్టేశారు. మన దేశంలో 2016 సవరణ తర్వాత 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం బాల కళాకారుల చేత రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. వచ్చిన డబ్బులో 20 శాతం పిల్లల పేర డిపాజిట్ చేయాలి. పిల్లల ఇష్టం, సమ్మతి లేకుండా పాల్గొననీయకూడదని కూడా రాశారు. మంచిదే. అయితే ఇంట్లో బియ్యం తన పాటతో వస్తున్నాయని తెలిసిన పిల్ల "నాకిష్టం లేదు" అని ఎట్లా అంటుంది? పాడినప్పుడే నాన్న నవ్వుతాడని తెలిసిన పిల్ల ఎట్లా అంటుంది? ఆ పిల్ల "ఊ" అన్నదాన్ని సమ్మతిగా రాసుకుంటాం. నేనూ అట్లాగే రాసుకున్నాను.

ఇక వినే మన సంగతి. సంయుత్త నికాయలో తాలపుటుడనే నటుల నాయకుడి కథ ఉంది. అతను వేణువనంలో బుద్ధుణ్ణి ఒక ప్రశ్న అడిగాడు. జనాన్ని నవ్వించి సంతోషపెట్టే నటుడు చచ్చాక నవ్వే దేవతల లోకానికి పోతాడని మా పాత గురువులు చెబుతారు, మీరేమంటారని. వద్దు, అది అడగకు అన్నాడు బుద్ధుడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ వద్దన్నాడు. మూడోసారి అడిగితే అప్పుడు చెప్పాడు. రాగం, ద్వేషం, మోహం ఇంకా పోని జనం ముందు వాటిని పెంచేవాటినే తెచ్చి పెట్టేవాడు తానూ మత్తులో ఉంటాడు, ఇతరులనూ మత్తులో పెడతాడు, పోయేది నరకానికేనని. తాలపుటుడు ఏడ్చాడు. మీరన్నదానికి కాదు, ఇన్నాళ్ళూ మా గురువులూ వాళ్ళ గురువులూ నన్ను మోసం చేసినందుకు ఏడుస్తున్నానన్నాడు. నరకం స్వర్గం అన్న మాటల్ని మనం బాబాసాహెబ్ చూపిన దారిలో, ఈ బతుకులోని స్థితులుగానే చదువుకోవాలి. ధమ్మం పాటకు శత్రువని కూడా దీనికి అర్థం కాదు. పంచసిఖుడు వీణ మీద పాడితే తీగా గొంతూ చక్కగా కలిశాయని మెచ్చుకున్నవాడు బుద్ధుడే. మన ఉద్యమం నడిచింది సగం పాట మీదే.

ఆ కథలో నాకు తగిలింది రెండుసార్లు వద్దనడం. పెద్దవాడు, ఆరితేరినవాడు, తన బతుకు గురించి తానే అడిగితే జవాబివ్వడానికి బుద్ధుడు రెండుసార్లు వెనకాడాడు. ఎందుకంటే ఆ జవాబుతో ఒక మనిషి బతుకు మారిపోతుంది. నేను ఒక పసిపిల్ల బతుకు గురించి నిమిషంలో చెప్పేశాను, అదీ చదివింపుల మత్తులో. తాలపుటుడి గురువుల మాదిరిగానే నేనూ పాత మాటే చెప్పాను, పదిమందిని సంతోషపెడితే గౌరవం వస్తుందని.

1982లో వచ్చిన థ్రిల్లర్ ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన ఆల్బం. అంతకుముందు నల్లవాళ్ళ పాటలకు దాదాపు చోటివ్వని ఎంటీవీ 1983లో అతని పాట వేయక తప్పలేదు. అది మనకూ గెలుపే, నేను కాదనను. తర్వాతి కథ అంత సూటిగా లేదు. పిల్లల విషయంలోనే అతని మీద తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. 2005లో జ్యూరీ అన్ని అభియోగాల్లోనూ నిర్దోషి అంది. 2019లో ఒక డాక్యుమెంటరీలో ఇద్దరు మగవాళ్ళు చిన్నప్పుడు తమకు అన్యాయం జరిగిందని చెప్పారు, అతని కుటుంబం ఖండించింది. తీర్పు చెప్పడానికి నేనెవర్ని? కానీ బాల్యం పోగొట్టుకున్నవాడనే జాలితో ఇంకో పిల్లవాడి నోరు మూయించే పని మాత్రం మనం చేయకూడదు. 2009 జూన్ 25న, లండన్‌లో 50 ప్రదర్శనలకు సిద్ధమవుతూ, నిద్రపట్టక తీసుకున్న మత్తుమందుతో చనిపోయాడు. ఆ మందు ఇచ్చిన డాక్టరుకు 2011లో శిక్ష పడింది. చనిపోయేనాటికి మైకేల్‌కు యాభై ఏళ్ళు.

చావుకు ఎనిమిదేళ్ళ ముందు, 2001 మార్చిలో, ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థుల ముందు మాట్లాడాడు. తండ్రి గురించి చెప్పాడు. కరువుకాలంలో దక్షిణ రాష్ట్రాల్లో పేదగా పెరిగిన నల్లవాడు, ప్రేమ చూపించడం ఎవరూ నేర్పనివాడు అని. చిన్నప్పుడు ఒకసారి తిరణాలలో తనను ఎత్తి గుర్రప్పిల్ల మీద కూర్చోబెట్టాడట. తండ్రి ఐదు నిమిషాల్లో మర్చిపోయి ఉంటాడు, కొడుక్కి నలభై ఏళ్ళు దాటినా ఆ స్పర్శ గుర్తుంది. తనకిష్టమైన తీపి డోనట్లు కొన్నిసార్లు పొద్దున లేచేసరికి వంటింట్లో సంచీలో కనపడేవట. ఎవరు తెచ్చారో ఎవరూ చెప్పేవారు కాదు. తండ్రిని క్షమిస్తున్నానన్నాడు. రేపు తన పిల్లలు కూడా తనను కఠినంగా తూచకుండా ఉండాలని కోరుకున్నాడు. మెత్తా గురించి నేను చాలా ప్రసంగాలు చేశాను. ఆ డోనట్ల సంచీ ముందు నా ప్రసంగాలు నాకే తేలిపోయినట్టుంటాయి.

ఈ ఏడు జయంతికి ముందు వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి పనికి పోయాడు. పాప వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. పక్కన కూర్చొని అడిగాను, "ఈసారి పాడాలని ఉందా, లేదా? లేకపోతే లేదను, ఎవరూ ఏమనరు" అని. కాసేపు నేలమీద గీత గీస్తూ ఉంది. "పాడతా పెదనాన్నా. కానీ ముందే పాడించెయ్యండి. నాకు నిద్రొస్తది" అంది.

కమిటీలో గొడవయింది. ముఖ్య అతిథి రాకముందే పాట అయిపోతే ఎట్లా అన్నారు. ఆరున్నరకే పాడించాం. ముప్పైమంది కూడా లేరు, మైకువాడు ఇంకా తీగలు సర్దుతున్నాడు. చదివింపులు రాలేదు. కమిటీ తరఫున పదిహేను వందలు ఇచ్చాం, తండ్రి తీసుకున్నాడు గానీ మొహం చిన్నబోయింది, అతన్నేం తప్పుపట్టగలను. ఎనిమిదింటికల్లా పాప వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రపోయింది. టీవీ వాళ్ళ ఫారం ఇంకా వాళ్ళింట్లో బాబాసాహెబ్ ఫొటో వెనకే ఉంది.